మన పల్లెలలో కఱ్ఱకోత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్టణములలో దేనికి బోయినను, ఇండ్లు ముగిసి పొలములు మొదలగుచోట బాటప్రక్కను రేకుల కప్పుగల పొడుగుపాటి పాక యొకటి కంటబడును. పాక ముందు తుమ్మ, వేప, మామిడి దుంగలు ఒకదానిపై నొకటి పడియుండును. లోపలినుండి చెవులు గింగురుమను కోతచప్పుడు వినవచ్చును. అదియే కోతమిల్లు. మనవారు 'సా మిల్లు' అనియు, 'కట్టెకోత మిషను' అనియు అందురు. గుడికిని చెఱువునకును చరిత్ర యుండుట మన మెఱుగుదుము. వానికి శాసనములు గలవు. పిల్లలమఱ్ఱి గుడులకడ రాళ్లను చదివి కాకతీయుల నాటి రేచెర్ల రెడ్ల దానములను చెప్పువారున్నారు. కోతమిల్లునకు శాసనము లేదు. అంతమాత్రమున దానికి చరిత్ర లేదని తలంపరాదు. ఈ ప్రాంతమున పల్లెబ్రదుకు గడచిన నూఱేండ్లలో ఎట్లు మారినదో తెలిసికొనుటకు ఆ పాకకంటె మంచి చోటు నాకు కనబడలేదు.

"యంత్రము వచ్చి వడ్రంగి నోట మట్టి గొట్టినది" అను మాట మన రచ్చబండలమీద తఱచుగా వినబడును. నేనును చాలకాలము అట్లే తలచితిని. బడిలో పిల్లలకును అట్లే చెప్పితిని. పిమ్మట విచారింపగా అది సగము మాటయే యని తోచినది. ఆ విచారమును మీ ముందుంచుచున్నాను.

పాణిని మహర్షి తన వ్యాకరణమున 'తక్షన్' శబ్దమునుగూర్చి యొక సూత్రము చేసెను. తక్షుడనగా వడ్రంగి. ఆ సూత్రమువలన ఇరువురు వడ్రంగులు మనకు దెలియుచున్నారు. ఒకడు గ్రామతక్షుడు, ఊరివాడు, ఊరందఱికిని ఉమ్మడిగా పనిచేయువాడు. రెండవవాడు కౌటతక్షుడు, తన కుటీరమున తానుండి స్వతంత్రముగా పనిచేసికొనువాడు, ఒకరికి కట్టుబడనివాడు. సూత్రకారునకు కావలసినది సమాసరూపసిద్ధియే గాని సంఘచరిత్ర గాదు. రెండువేల యేండ్లకు పైబడిన గ్రంథమున ఈ భేదము నిలిచియుండుట చూచి విద్యార్థిదశలో నే నాశ్చర్యపడలేదు. పరీక్షకు వల్లించి ఊరకుంటిని. ముప్పది యేండ్లు గడచిన పిదప ఒక కోతమిల్లు ముంగిట నిలుచుండగా ఆ సూత్రము మరల జ్ఞప్తికి వచ్చి ఆశ్చర్యము గలిగినది. మన ప్రాంతపు వడ్రంగి గ్రామతక్షుడుగా నుండి కౌటతక్షుడైన కథయే గదా యిది!

మన పూర్వపు గ్రామమున పండ్రెండుగురు ఆయగాండ్రుండిరి. కరణము, రెడ్డి, తలారి, నీరుగంటి, కమ్మరి, కుమ్మరి మొదలగువారితోపాటు వడ్రంగియు వారిలో నొకడు. అతనికి రొక్కపు జీతము లేదు. నాగలి యొక్కంటికి ఇంత యని పంట కల్లమునకు వచ్చినపుడు ధాన్యము కొలిచి యిచ్చెడివారు. దానికి 'మేర' యని పేరు. జొన్న పండిన జొన్న, వరి పండిన వరి. దానికి బదులుగా నాగలి చెక్కుట, మేడి మార్చుట, కాడి, గుంటక, గొఱ్ఱు, జడ్డిగము, మోటగిలక, ఇవియన్నియు సాగుచేయించుట అతని వంతు. కొత్తబండికిని, ఇంటి తలుపులకును, పెండ్లిపీటలకును వేఱుగా ఇచ్చుకొనెడివారు. తొలకరికి ముందు పదునైదు దినములు వడ్రంగి ముంగిట రైతులు బారులుదీరి కూర్చుండెడివారు. ఆ పదునైదు దినములును ఊరిలో అతనికంటె గొప్పవాడు లేడు!

అతని పనిముట్లు నేను చిన్ననాట చూచినవి బాడిస, ఉలులు, చిత్రిక, బరమా, మూలమట్టము, రెండు మూడు రంపములు. ఇవి మోయుటకొక గోనెసంచి చాలును. విశ్వబ్రాహ్మణులు తమ అయిదు వృత్తులకును మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను మూలపురుషులుగా జెప్పుదురు. ఇనుము మనువుది, కఱ్ఱ మయునిది. మయసభను మహాభారతమున చదివిన మనము, మయుని సంతతివాడు మన యింటి చూరుక్రింద కూర్చుండి నాగలి చెక్కుచున్నప్పుడు ఆ సంగతి తలంచినామా?

చెట్టుజాతి నెఱుగుటయే యీ విద్యకు మొదటిమెట్టు. నాగటికిని బండిచక్రపు కుండకును తుమ్మ. దూలములకు వేప, తాడి. ద్వారబంధములకు మద్ది, ఎగిస. ధనవంతుల యిండ్లకు టేకు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమలకై కఱ్ఱను దెచ్చుటకు వనమునకు బోవలసిన విధానమును ఒక ప్రత్యేకాధ్యాయమున చెప్పెను. చెట్టును కొట్టకముందు పూజించి, దానిపై నివసించు భూతములు మఱియొక చోటికి బోవలెనని వేడుకొనవలెనట. మన పల్లె వడ్రంగులలో వృద్ధులు చెట్టు మొదట గొడ్డలి తాకింపకముందు చేయి జోడించుట నేను కన్నులార చూచితిని.

ఇక కోత. మానును పడగొట్టుట గొడ్డలిపని. దానిని పలకలుగా చీల్చుటయే కష్టము. రెండు జతల గుంజలను కత్తెరవలె నాటి, వానిమీదికి దుంగను ఏటవాలుగా నెక్కించి గొలుసులతో బిగింతురు. ఎఱ్ఱమట్టిలో ముంచిన నూలుదారమును దుంగ పొడవున బిగలాగి మీటినచో తిన్ననిగీటు పడును. ఆ గీటు వెంబడి నిలువెత్తు రంపముతో ఒకడు దుంగపై నిలిచియు, ఒకడు క్రింద నిలిచియు కోయుదురు. పైవాడు గీటు తప్పకుండ చూడవలెను; క్రిందివాడు బలముగా లాగవలెను. పొట్టంతయు క్రిందివాని కన్నులలో బడును గనుక అతడు తలగుడ్డను కనుబొమలదాక దించి, తలవంచి, చూడకయే లాగును. పొద్దుపొడుపునుండి క్రుంకువఱకు లాగిన రెండు మూడు పలకలు వచ్చినచో మంచికోత. ఈ పని చేయువారు ఊరూర దిరిగెడివారు. వారిలో వడ్రంగులేగాక ఇతర కులములవారును, ముస్లిములును ఉండిరి. ఊరిలో నొకరు ఇల్లు కట్టదలచిన వార్త వినిన, వారు రంపమును భుజముమీద వేసికొని వచ్చి చెట్టుక్రింద దిగెడివారు. ఇంటివారు రెండుపూటల జొన్నరొట్టె, కూలి ఇచ్చెడివారు.

ఈ వర్ణనము విని ఆ కాలమంతయు సుఖమయమని మీరు తలంతురేమో. మేర యను మాటకు వెనుక మఱియొక మాట గలదు, అది వెట్టి. నిజాము రాజ్యమున, విశేషించి మన నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో, దేశముఖులకును జాగీర్దారులకును ఊరివృత్తులవారందఱును కూలి లేకుండ పనిచేయవలసియుండెను. చాకలి, మంగలి, కుమ్మరి తమ పనులు చేయుటయేగాక, వడ్రంగియు కమ్మరియు దొరగారి వ్యవసాయమునకు కావలసిన పనిముట్లన్నియు ఊరకయే చేసియియ్యవలెను. గడి కట్టునప్పుడు దూలములు మోయుటకు రైతుల బండ్లు, కోయుటకు రంపపువాండ్రు, చెక్కుటకు వడ్రంగులు, అంతయు వెట్టియే. నేటికిని కొన్ని గడులలో నగిషీ చెక్కిన టేకు స్తంభములను చూచి మెచ్చుకొనువారున్నారు. నేనును మెచ్చుకొందును. కాని ఆ స్తంభము ప్రక్కన నిలిచినపుడు, దీనిని చెక్కినవాడు ఆ దినమున ఏమి తినెనో యను ప్రశ్న నన్ను విడువదు. గ్రామతక్షుడనగా ఊరందఱివాడని వ్యాఖ్యాతలు చెప్పిరి. ఊరందఱివాడైనవానిని ఊరిలో బలవంతుడు తనవానిగా చేసికొనుట ఎంతసేపు?

1946నుండి తెలంగాణ రైతుపోరాటము సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలలో వ్యాపించినపుడు మొదట వినబడిన మాటలలో నొకటి 'వెట్టి బందు' అనునది. భూమి సంగతి పిదప వచ్చినది. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున బ్రవేశించెను. బెజవాడనుండి వచ్చిన దండు కోదాడ, సూర్యాపేటల మీదుగనే నడచెను. సెప్టెంబరు 17న నిజాము లొంగెను. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదార్ల చట్టము వచ్చెను. విశ్వకర్మ జయంతియని వడ్రంగులు పనిముట్లకు పూజచేయు దినమును ఆ సెప్టెంబరు 17యే యగుట కాకతాళీయము. అయినను వృద్ధ వడ్రంగి యొకడు నాతో, "మా పండుగనాడే మాకు వెట్టి పోయినది" యని నవ్వుచు చెప్పెను. ఆ నవ్వును కాకతాళీయమని త్రోసివేయజాలను.

కలప ఎచ్చటినుండి వచ్చెడిదో ఇచ్చట చెప్పవలెను. మన నల్లగొండసీమ మొదటినుండియు మెట్టప్రాంతము, ఆముదాల సీమ. జిల్లా విస్తీర్ణమున అడవి పదవవంతు కూడ లేదు. పొలముగట్ల తుమ్మయు, ఊరి వేపయు పనిముట్లకు చాలును గాని మంచి టేకు కావలెనన్న గోదావరి అడవులే దిక్కు. ఆ దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు తేల్చెడివారు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిదప కాలువలమీదుగా పడవలు బెజవాడవఱకు వచ్చెడివి. బెజవాడ అడితులనుండి జగ్గయ్యపేట మీదుగా బండ్లమీద కోదాడకు కలప రావలెను. 1889లో రైలు బెజవాడకు వచ్చినది గాని అది వరంగల్లు, ఖమ్మము దారిని బోయినది; సూర్యాపేటను తాకలేదు. అందుచేత మనకు చాలకాలము ఎడ్లబండియే రైలు.

ఆ దారిలో నొక విచిత్రము. కోదాడకును సూర్యాపేటకును నడుమ మునగాల పరగణా కలదు గదా. చుట్టును నిజాము రాజ్యమైనను మునగాల మాత్రము ఇంగ్లీషువారి కృష్ణాజిల్లాలోనిది. రాజా నాయని వెంకట రంగారావుగారు దానికి జమీందారులు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు వారి దివానులు. తెలుగుభాషకు ఆ సంస్థానము చేసిన సేవ వేఱొక ప్రసంగమునకు తగిన విషయము. మన కథకు కావలసిన దేమనగా, బండి కోదాడ దాటి మునగాలలో బ్రవేశించిన ఒక ప్రభుత్వము, మునగాల దాటిన మఱియొక ప్రభుత్వము. ఇచ్చట కంపెనీ రూపాయి, అచ్చట హాలీ సిక్కా. పొలిమేరలో నిజాము కరోడ్‌గిరీ నాకా, సుంకము. అడవిచట్టములును రెండే: మద్రాసువారిది 1882 నాటిది, హైదరాబాదువారిది తుదకు 1355 ఫసలీ నాటిది. ఒకే దూలము రెండు రాజ్యముల సరుకై వచ్చెడిది. ఈ చిక్కు ఆంధ్రప్రదేశము ఏర్పడి మునగాల నల్లగొండ జిల్లాలో చేరినదాక పూర్తిగా తీఱలేదు.

యంత్రపు రంపము మన కనిపెట్టినది గాదు. హాలండు దేశమున 1594లో కొర్నెలిస్ అనువాడు గాలిమరతో రంపము నాడించెను. లండను నగరమున లైమ్‌హౌసు అనుచోట అట్టి మిల్లు కట్టగా, 1768లో చేతిరంపపు కోతవారు గుంపుగా వచ్చి దానిని పాడుచేసిరి. తమ కూడు పోవునని వారి భయము. చక్రరంపము 18వ శతాబ్ది తుదను, పట్టిరంపము 19వ శతాబ్దిలోను వ్యాపించినవి. తెలుగువారు యంత్రపుకోతను మొదట పెద్దయెత్తున చూచినది సముద్రమునకు ఆవల. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూనునకు బోయిన వేలకొలది తెలుగు కూలీలు అచ్చటి ధాన్యపుమిల్లులలోను, కోతమిల్లులలోను పనిచేసిరి. రంగూను టేకు మన తీరమునకు వచ్చినది. దానిని కోసిన చేతులును మనవియే. అండమానులో ఛాతము ద్వీపమున 1883లో ప్రభుత్వము నెలకొల్పిన కోతమిల్లు ఆసియాఖండమున మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి. 1942లో జపానువారు బర్మాపై బడినపుడు కాలినడకను తిరిగివచ్చినవారిలో రంపపుపని నేర్చినవారును ఉండియుందురు.

మన మూడు పట్టణములకు కోతమిల్లును దెచ్చినది ఆ రంగూను గాదు, నీరు. 1955 డిసెంబరు 10న నెహ్రూపండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువకు లాల్ బహదూర్ కాలువయని పేరు. ఆ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములకు క్రమముగా వచ్చెను. ఆముదములు పండిన చెలకలు వరిమళ్లయ్యెను. మిర్యాలగూడలో ధాన్యపుమిల్లులు వెలసెను. చేతిలో నాలుగు రూపాయలు మెదలినవాడు మొదట చేయునది యేమి? గుడిసె పడగొట్టి ఇల్లు కట్టును. ఇంటికి ద్వారబంధము, తలుపు, కిటికీ, వాసము కావలెను. ధాన్యము మోయుటకు బండి కావలెను. చేతిరంపముతో కోసియిచ్చువఱకు నిలుచువాడెవడు? ఆ తొందరయే మిల్లును పిలిచినది. కచ్ఛదేశమునుండి వచ్చిన పటేలులు తెలుగుదేశపు పట్టణములలో అనేక కోతమిల్లులు నెలకొల్పిరి. స్థానికులును కొందఱు ధైర్యము చేసిరి. మొదట ఆయిలు ఇంజను, పిదప విద్యుత్తు.

దుంగలెచ్చటివి? ఈ మాట చెప్పుటకు నాకు కష్టముగా నున్నది. పెక్కు మన పొలములవే. చెలకలో గట్టుమీద తుమ్మ అక్కఱకు వచ్చెడిది. ఎండలో నీడ, మేకలకు కాయ, నాగటికి కఱ్ఱ. వరిమడి చేసిన పిదప ఆ నీడ పైరునకు చెఱుపాయెను. మడులు చదునుచేయునప్పుడు గట్లు పోయినవి, గట్లతో చెట్లు పోయినవి. నా బాల్యమున మా యూరినుండి చింతమానులు, వేపమానులు బండ్లమీద పట్టణమునకు బోవుట చూచితిని. బండి వెంట మేము పిల్లలము పరుగెత్తితిమి, మాకది వేడుక.

అమ్మిన రైతునకు ఎంత వచ్చెడిదన్న సంగతి యొకటి చెప్పి తీరవలెను. దుంగను కొలుచు పద్ధతి యిది: నడిమిచోట చుట్టుకొలత తీసి, దానిలో నాలుగవవంతును దానితోనే గుణించి, ఆ వచ్చినదానిని పొడవుతో గుణింపవలెను. 10 అడుగుల పొడవును, 4 అడుగుల చుట్టుకొలతయు గల దుంగ కిట్లు 10 ఘనపుటడుగులు లెక్క తేలును. ఈ లెక్కకు హాపసు కొలత యని పేరు. ఎడ్వర్డు హాపసు అను ఆంగ్లేయుడు 1736లో దీనికి పట్టికలు అచ్చువేసెను. మా బడిలోని లెక్కల మాస్టరుగారి నడుగగా, క్షేత్రగణితము ప్రకారము ఆ దుంగలో నిజముగా నున్నది సుమారు 12 ముప్పాతిక ఘనపుటడుగులని తేల్చిరి. అనగా అయిదవవంతునకు మించి లెక్కలోనికే రాదు! పైచెక్కునకును రంపపు పొట్టునకును పోవునది గనుక ముందే తీసివేసితిమని వ్యాపారులు చెప్పుదురు. అందును న్యాయము లేకపోలేదు. కాని ఆ పైచెక్కు వంటచెఱకుగా అమ్ముడగును, ఆ పొట్టును అమ్ముడగును. వాని సొమ్ము చెట్టు పెంచినవానికి రాదు. ఇది ఒక మిల్లుదోషము గాదు, ఆ కొలతలోనే యున్నది. చెట్టు నమ్మువారు ఈ లెక్క నెఱిగి బేరమాడుట మంచిది.

ఇక మిల్లులోని లోకము. యజమాని గల్లాపెట్టెకడ నుండును. అసలైన అధికారి మేస్త్రీ. దుంగను జూచి ఏ ప్రక్కను మొదట కోసిన పలక వంకరపోదో అతడే చెప్పవలెను. మధ్యాహ్నమున యంత్రము నిలిచినపుడు ఆకురాతితో రంపపు పండ్లకు పదునుపెట్టును. ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు వంచును. లేనియెడల రంపము కఱ్ఱలో బిగిసికొనును. చక్రరంపము పోయినచోట పావంగుళము వఱకు పొట్టగును. పట్టిరంపమునకు అందులో సగము కూడ గాదు. అందుచేత మంచి టేకును చక్రరంపమునకు ఇయ్యవలదని ఎఱిగినవారు చెప్పుదురు. మేస్త్రీ క్రింద దుంగను నెట్టువారిద్దఱు, పలక నందుకొనువాడొకడు, హమాలీలు, బండ్లవారు. బెరడు ఏరుకొనుటకు వచ్చు స్త్రీలు. చుట్టును వడ్రంగుల పాకలు నాలుగైదు, ఒక చాయదుకాణము.

రంపపు పొట్టు సంగతి మఱువరాదు. వంటగ్యాసు మనయిండ్లకు రాని దినములలో పట్టణపు పేదల వంటయంతయు దానిమీదనే. రేకుడబ్బాకు అడుగున ప్రక్కగా రంధ్రముచేసి, నడుమ సీసా నిలిపి, చుట్టును పొట్టును గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగినచో పొట్టుపొయ్యి సిద్ధము. నేను పట్టణమున చదువుకొనునపుడు అద్దెగదిలో అట్టి పొయ్యిమీదనే వండుకొంటిని. దట్టించుట తెలియనివాడు ఆ పూట పస్తే. పొట్టు కూలి మంట ఆఱిపోవును. నాకు తెలిసినది మూడవ దినమున.

ఇచ్చట చేతిరంపపువారి గతి యేమైనదన్న ప్రశ్న కలుగును. లండనులో వలె మనవారు మిల్లును పడగొట్టలేదు. నే నెఱిగినంతలో వారిలో పడుచువారు మిల్లులోనే చేరిరి. కఱ్ఱగుణ మెఱిగినవారు గనుక మేస్త్రీలైరి. క్రింద నిలిచి లాగినవాడు, కన్నులలో పొట్టు బడనిచోట నిలుచుటను లాభముగానే తలచెను. వృద్ధులు మాత్రము ఇంటికడ నిలిచిరి. వడ్రంగి మాటయో, అతనికి మిల్లు మొదట మేలే చేసినది. పది దినముల కోత గంటలో ముగియగా అతడు చెక్కడముమీద, తలుపులమీద మనసు పెట్టగలిగెను. అంతకంటె ముఖ్యమైనది, అతడు పట్టణమునకు వచ్చెను. మిల్లు ప్రక్కను పాక వేసికొని, వచ్చినవానికి రొక్కమునకు పనిచేసెను. ఏ యూరివాడవని గాని, ఏ దొరవాడవని గాని అడుగువారు లేరు. పాణిని చెప్పిన కౌటతక్షుడు అతడే.

మిల్లులో చేతివ్రేళ్లు పోయిన కథలు మూడు పట్టణములలోను కలవు. నాకు తెలిసినది ఒకటి చెప్పెదను; ఊరును పేరును చెప్పను. నా విద్యార్థి యొకడు పదవతరగతి పరీక్షకు నెలదినములుండగా బడికి రాలేదు. ఇంటికి బోగా తండ్రి కుడిచేతికి కట్టుతో మంచముమీద నున్నాడు. పలక నందుకొనుచుండగా బొటనవ్రేలు, చూపుడువ్రేలు పోయినవి. బాలుడు తండ్రికి బదులుగా మిల్లుకు బోవుచున్నాడు. 1923 నాటి శ్రామికుల నష్టపరిహారపు చట్టమున ఒక పట్టిక యుండెను. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తి నూటికి 30 పాళ్లు, చూపుడువ్రేలు పోయినచో 14 పాళ్లు తఱుగునని కట్టిరి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము యంత్రములకు కంచె వేయుమనెను గాని, పదిమందికి తక్కువ పనివారున్న చోట అది సామాన్యముగా వర్తింపలేదు. మన మిల్లులు పెక్కు అట్టివే. తెలుగుపండితుడనైన నేను ఆ చట్టపు పట్టికను వెదకి చదివి, ఆ తండ్రికై అర్జీ వ్రాసితిని. వ్యవహారము బయటనే తీఱినది; చట్టము చెప్పినదానికి తక్కువయే ముట్టినది. బాలుడు ఆ యేడు పరీక్ష వ్రాయలేదు, మఱుసటి యేడు వ్రాసెను. నూటికి 44 పాళ్లు అని కూడికవేసి వ్రాసినపుడు నా చేయి ఒక క్షణము నిలిచినది. వడ్రంగిచేతికి బొటనవ్రేలు నూటికి నూఱు గదా!

ప్రభుత్వపు నియమములను క్లుప్తముగా చెప్పెదను. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము పాత రెండు చట్టములను త్రోసి వచ్చెను. 1969లో కోతమిల్లుల నియంత్రణకు నియమములు చేసిరి. అనుమతిపత్రము లేక మిల్లు నడుపరాదు. 1996 డిసెంబరు 12న సుప్రీముకోర్టు గోదావర్మన్ వ్యాజ్యమున ఇచ్చిన ఉత్తరువు దేశమంతటి కలప వ్యాపారమును కదిలించినది. 2002 అక్టోబరులో క్రొత్త మిల్లులకు కేంద్ర సాధికార సంఘపు అనుమతి కావలెననిరి. ఆ యేడే వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము చెట్టు కొట్టుటకు అనుమతి తీసికొనుమని చెప్పినది. చిన్న మిల్లువాండ్రు ఈ కాగితముల బరువును దుంగల బరువుకంటె హెచ్చని చెప్పుదురు. చెట్లు మిగిలినవా యని అడిగిన, కొన్ని మిగిలినవనియే చెప్పవలెను.

అయితే వడ్రంగి నోట మట్టి గొట్టినదెవరు? నా విచారమున మిల్లు గాదు. ట్రాక్టరు వచ్చి నాగలిని, బండిని ఒకేసారి అటకమీద నెక్కించినది. ఇనుపనాగలి అంతకుముందే చెక్కనాగలిని సగము వెడలగొట్టినది. విద్యుత్తు మోటారు మోటగిలకను మాన్పినది. పనిముట్లు లేనిచోట మేర యేల? కల్లమే లేకపోయె, కోతయంత్రము పొలములోనే ధాన్యమును రాల్చుచున్నది. ఏ సంవత్సరమున మేర నిలిచినదని మా యూరి పెద్దలనడుగగా ఎవరును చెప్పలేకపోయిరి. ఒకరు ఈ యేడు తక్కువిచ్చిరి, మఱియొకరు మఱుసటి యేడు ఇయ్యలేదు. వేయియేండ్ల కట్టుబాటు చప్పుడు లేకుండ పోయినది. వెట్టి పోయినపుడు జెండాలెగిరినవి. మేర పోయినపుడు కుక్కకూడ మొఱగలేదు. వెట్టి పోవుట న్యాయము. కాని వెట్టితో ముడివడియున్న మేరయు పోయినపుడు, పని లేని యేట కూడ తిండిగింజలకు లోటులేని ఆసరా పోయినది. స్వాతంత్ర్యమును ఆకలియు ఒకే తలుపున వచ్చినవి. పట్టణమునకు బోయి మిల్లు ప్రక్కను చేరినవాడు బ్రతికెను; ఊరిలోనే నిలిచినవాడు చితికెను. కనుక మిల్లును శత్రువనుటకు నాకు నోరు రాదు.

ఆ మిల్లునకును ఇప్పుడు కష్టకాలమే. ద్వారబంధములు సిమెంటువి, తలుపులు ఇనుమువి, ప్లాస్టికువి. బల్లలు, బీరువాలు చెక్కపొడిని జిగురుతో అదిమిన పలకలతో చేయుచున్నారు. ఆ పని చేయుటకు రాజస్థానమునుండి పడుచువారు వచ్చి మన పట్టణములలో నున్నారు. వారును తక్షులే, తమ యూరిని విడిచి వచ్చిన కౌటతక్షులు. మన వడ్రంగుల పిల్లలు పెక్కుమంది వేఱు కొలువులలో నున్నారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము విశ్వకర్మ పేర నొక పథకము పెట్టినది. 18 వృత్తులలో వడ్రంగమును కలదు. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. దానివలన లాభపడినవారును ఉన్నారు. మిల్లులలో నేడు కోయునది ఎక్కువగా జామాయిలు, సుబాబులు, తుమ్మ, వేప. పెట్టెలకు, సెంట్రింగు పలకలకు.

గడచిన వేసవిలో నేనొక వృద్ధ వడ్రంగికడకు బోయి బండిచక్రపు భాగముల పేర్లు వ్రాసికొంటిని. ఆయన చేసిన చివరి బండి ముప్పది యేండ్ల క్రిందటిదట. చేతులు గాలిలో ఆడించుచు చెప్పుచుండెను: నడుమ తుమ్మ కుండ, కుండకు పండ్రెండు ఆకులు, రెండేసి ఆకులకు ఒక పూటీ చొప్పున ఆఱు పూటీలు, వానిపై కాల్చి తొడిగిన ఇనుపకమ్మి, కుండలో ఇరుసు, ఇరుసు చివర చీల. కుండ నోటికి లోపల దిగగొట్టు ఇనుపకట్టుకు వారి యింటిలో వేఱొక పేరు కలదట. అది ఎంత తలచినను ఆయనకు నోటికి రాలేదు. "మిల్లుకాడ మా మేనల్లుడున్నాడు పంతులుగారూ, వాని నడిగి చెప్పెద" ననెను. నేను పుస్తకమున ఆ చోటు ఖాళీగా విడిచి వచ్చితిని.